ట్రాక్ డేకి సొంత కారు తీసుకెళ్ళే ముందు: బీమా వర్తిస్తుందో లేదో తేల్చుకోవడం ఎలా?

ట్రాక్ డే అంటే సొంత కారును రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజు. పందెం కాదు, బహుమతి లేదు, గెలుపోటములు లేవు. అలాంటప్పుడు రేస్ ట్రాక్ మీద నా కారుకు దెబ్బ తగిలితే బీమా కంపెనీ ఎందుకు ఇవ్వదు? చెన్నై శివార్లలో ఇరుంగట్టుకోట్టై దగ్గరున్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కో, కోయంబత్తూరు దగ్గరి కరి మోటర్ స్పీడ్‌వేకో సొంత కారు నడుపుకుంటూ వెళ్ళి, పగలంతా ట్రాక్ మీద తిరిగి, సాయంత్రం అదే కారులో ఇంటిదారి పట్టాలనుకునేవారికి వచ్చే మొదటి సందేహం ఇది. సందేహం సబబైనదే కాని, దాని జవాబు ‘పందెమా, కాదా’ అన్న వాదనలో దొరకదు. పాలసీ షెడ్యూలులో కారును ఏయే పనులకు వాడుకోవచ్చో చెప్పే నాలుగైదు పంక్తుల్లోను, వాటికి మీ కంపెనీ రాతపూర్వకంగా చెప్పే అర్థంలోను దొరుకుతుంది.

ముందు షెడ్యూలు తీసి చదవండి

పాలసీ కొన్నప్పుడు మెయిల్‌లో వచ్చిన పీడీఎఫ్‌లో మొదటి రెండు మూడు పేజీలే షెడ్యూలు. బండి నంబరు, ఇంజన్ నంబరు, ఐడీవీ (కారుకు పాలసీలో కట్టిన విలువ), ప్రీమియం పట్టిక అన్నీ దాటి కిందికి వస్తే, చిన్న అక్షరాల్లో ‘లిమిటేషన్స్ యాజ్ టు యూజ్’ అన్న శీర్షిక కనిపిస్తుంది. మన దేశంలో ప్రైవేటు కార్ల పాలసీల భాష చాలావరకు 2002 నాటి ఇండియా మోటర్ టారిఫ్ (ఐఎంటీ) నుంచి వచ్చినదే కాబట్టి, కంపెనీ ఏదైనా అక్కడి వాక్యం దాదాపు ఒకేలా ఉంటుంది. కారును ఏ పనికైనా వాడుకోవచ్చు గాని ఇవి తప్ప, అని చెప్పి ఆ మినహాయింపులను వరుసగా పేర్కొంటుంది: కిరాయికి తిప్పడం, సొంత సామాను, శాంపిళ్ళు కాక వేరే సరుకు మోయడం, ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్ (ముందు నడిచి ఇతరులకు వేగం నిర్దేశించడం), స్పీడ్ టెస్టింగ్ (వేగ పరీక్ష), రిలయబిలిటీ ట్రయల్స్ (బండి మన్నికను పరీక్షించే పరుగులు), మోటారు వ్యాపారానికి సంబంధించిన పనులు.

చాలామంది ‘ఆర్గనైజ్డ్ రేసింగ్’ అన్న మాట దగ్గరే ఆగి, మనది రేసు కాదు కదా అని ఊపిరి పీల్చుకుంటారు. అసలు చిక్కు దాని తరువాతి మాటల్లో ఉంది. ట్రాక్ డేలో విజేత ఉండడు, కార్లను వరుసగా నిలబెట్టి పోటీ మొదలుపెట్టే గ్రిడ్ ఉండదు, ముందున్న కారు చేయి ఊపి దారి ఇస్తేనే దాటాలన్న నియమం ఉంటుంది. కనుక దాన్ని రేసు అనడం కష్టం. అయితే నిర్వాహకులు ప్రతి కారుకూ కాలం కొలిచే ట్రాన్స్‌పాండర్ తగిలించి, సాయంత్రానికి ల్యాప్ టైముల జాబితా చేతిలో పెడితే, అది ‘స్పీడ్ టెస్టింగ్’ కాదని, నష్టాన్ని లెక్కగట్టే సర్వేయరును ఒప్పించడం అంత తేలిక కాదు. ఈ మాటకు పాలసీలో నిర్వచనం ఉండదు. నిర్వచనం లేని మినహాయింపును పాలసీ తీసుకున్నవారికి అనుకూలంగా చదవాలన్న న్యాయసూత్రాన్ని మన కోర్టులు అంగీకరించాయి, నిజమే. కాని ఆ సూత్రం మీ పక్షాన పనిచేసేది క్లెయిము తిరస్కరించిన తరువాత, వినియోగదారుల కమిషన్ మెట్లెక్కిన తరువాత. అప్పటిదాకా షెడ్డు బిల్లు మీ జేబులోంచే కట్టాలి. అందుచేత కంపెనీ వర్తిస్తుందని రాసి ఇవ్వనంతవరకు వర్తించదనే లెక్క వేసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

మీరు వెళ్ళే కార్యక్రమం ఏ రకానిదో తేల్చుకోండి

‘పోటీ కానిది’ అన్న ఒక్క మాట కింద చాలా వేరువేరు కార్యక్రమాలు చేరిపోతాయి. శిక్షకుడిని పక్కన కూర్చోబెట్టుకుని బ్రేకింగు, స్కిడ్ అదుపు నేర్చుకునే తరగతికీ, ల్యాప్ టైమర్ పెట్టుకుని ల్యాపుకు ఎన్ని సెకన్లు తగ్గాయో చూసుకునే సెషన్‌కూ బీమా దృష్టిలో చాలా తేడా ఉంటుంది. మొదటిదాన్ని శిక్షణగా చూపించవచ్చు. రెండవదాన్ని మినహాయింపుల నుంచి తప్పించడం కష్టం. కోన్ల మధ్య తిప్పే ఆటోక్రాస్‌లో, క్వార్టర్ మైలు డ్రాగ్‌లో కాలం కొలుస్తారు కాబట్టి వాటిని ‘సరదా కార్యక్రమం’ అని పిలిచినా ఫలితం ఉండదు. నిర్ణీత కాలాన్ని, వేగాన్ని పాటిస్తూ మామూలు రోడ్ల మీద సాగే టీఎస్‌డీ ర్యాలీ సంగతి మరొకటి. ర్యాలీలు, రిలయబిలిటీ ట్రయల్స్ కోసం టారిఫ్‌లోనే ఐఎంటీ 31 అనే, పాలసీకి విడిగా జతచేసే ఎండార్స్‌మెంట్ ఉంది. అదనపు ప్రీమియం కడితే, పేరు పెట్టి చెప్పిన ఆ ఒక్క కార్యక్రమానికి పాలసీని పొడిగిస్తారు. దాని పేరు విని ట్రాక్ డేకి కూడా అదే పనికొస్తుందనుకోకండి. రేసింగుకు, పేస్ మేకింగుకు, స్పీడ్ టెస్టింగుకు పాలసీ వర్తించదని ఆ ఎండార్స్‌మెంట్‌లోనే మళ్ళీ రాసి ఉంటుంది. పైగా కారులో కూర్చున్నవారికి తగిలే గాయాల బాధ్యతను కంపెనీ అందులో తీసుకోదు.

కాబట్టి నిర్వాహకుల నుంచి కార్యక్రమ నియమావళిని ముందుగానే తెప్పించుకోండి. అందులో ఈ సంగతులు వెతకండి: కాలం కొలుస్తారా, ఫలితాలు ప్రకటిస్తారా, ఓవర్‌టేకింగ్ ఎక్కడ అనుమతిస్తారు, శిక్షకుడు ఉంటాడా, పోటీ లైసెన్సు అవసరమా, పాసింజరును ఎక్కించుకోవచ్చా. కార్యక్రమం పేరులో ‘టైమ్ అటాక్’ అని ఉంటే ఇక కంపెనీకి ఉత్తరం రాయడం దండగే.

కంపెనీని అడగవలసిన తీరు

ఏజెంటుకు ఫోన్ చేస్తే ‘ఏం ఫర్వాలేదండీ, కాంప్రెహెన్సివ్ కదా, అన్నీ కవర్ అవుతాయి’ అంటాడు. ఆయన మనసు మంచిదే కావచ్చు గాని, ఆ మాట క్లెయిము దగ్గర చెల్లదు. కంపెనీ అధికారిక ఈమెయిలుకే రాయాలి. కార్యక్రమానికి కనీసం రెండు మూడు వారాల ముందు రాస్తే జవాబు కోసం ఒకసారి గుర్తు చేసే వ్యవధి మిగులుతుంది. విషయాన్ని తేలిక చేసి రాయకూడదు, భయపెట్టేలాగానూ రాయకూడదు. ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. నమూనా ఇది, దీన్ని ఇంగ్లీషులో పెట్టుకుని పంపవచ్చు:

‘నా పాలసీ నంబరు ఫలానా. ఫలానా తేదీన, ఫలానా మోటర్ సర్క్యూట్‌లో, ఫలానా సంస్థ నిర్వహించే డ్రైవింగ్ కార్యక్రమంలో ఈ కారును నడపదలచాను. ఇందులో పోటీ, ర్యాంకులు, బహుమతులు లేవు. కాలం కొలవరు. నియమావళి జతచేశాను. ఈ వాడకం నా పాలసీలోని లిమిటేషన్స్ యాజ్ టు యూజ్ మినహాయింపుల కిందికి వస్తుందో లేదో, సర్క్యూట్ లోపల జరిగే ప్రమాదంలో నా కారు నష్టానికి, ఇతరుల గాయాలకు, ఇతరుల ఆస్తి నష్టానికి, నా వ్యక్తిగత ప్రమాదానికి పాలసీ వర్తిస్తుందో లేదో విడివిడిగా, సంబంధిత నిబంధనను పేర్కొంటూ తెలియజేయగలరు. వర్తించకపోతే అదనపు ప్రీమియంతో ఎండార్స్‌మెంట్ ఇవ్వగలరా?’

కాలం కొలుస్తారని నియమావళిలో ఉంటే, కొలవరని రాయకండి. జవాబు ‘పాలసీ నిబంధనలకు లోబడి వర్తిస్తుంది’ అని మాత్రమే వస్తే అది జవాబు కాదని గుర్తించి మళ్ళీ అడగాలి. ‘వర్తించదు’ అని వస్తే నిరుత్సాహపడనక్కర్లేదు. కనీసం మీరు వేసుకునే లెక్క నిజమైన లెక్క అవుతుంది.

నాలుగు వేరువేరు రక్షణలు

ప్యాకేజీ పాలసీని అందరూ ఒకటే వస్తువుగా చూస్తారు గాని, ట్రాక్ సంగతి వచ్చేసరికి దాని భాగాలను విడదీసి చూడవలసిందే.

మొదటిది సొంత కారు నష్టం, అంటే ఓన్ డ్యామేజీ. వాడకం మినహాయింపు నేరుగా దెబ్బతీసేది దీన్నే. ఒకవేళ మినహాయింపు దాటినా, అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ ఈ పాలసీలో ఏ సందర్భంలోనూ చేరవు. పది ల్యాపులకు క్లచ్ కాలిపోయినా, బ్రేకు డిస్కులు వంకర పోయినా, ఇంజన్ వేడెక్కి గాస్కెట్ పోయినా అది ప్రమాదం కాదు. టైర్లు కూడా అంతే. కారుకు అదే సమయంలో దెబ్బ తగిలితేనే టైరు ఖర్చులో సగం ఇస్తారు. నిల్ డిప్రిసియేషన్, ఇంజన్ ప్రొటెక్ట్ వంటి యాడ్-ఆన్లు మూల పాలసీ మీద నిలబడేవి. మూల క్లెయిము చెల్లనప్పుడు అవీ చెల్లవు. సస్పెన్షన్ కిందికి దించి, ఇంజన్‌ను నడిపే కంప్యూటరు (ఈసీయూ) అమరికను మార్పించి, ఆ మార్పులను కంపెనీకి చెప్పకపోయి ఉంటే తిరస్కరించడానికి మరో కారణాన్ని మీరే అందించినట్టు.

రెండవది థర్డ్ పార్టీ బాధ్యత. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ఈ బీమాను ‘పబ్లిక్ ప్లేస్’లో వాడే వాహనానికి తప్పనిసరి చేసింది. పబ్లిక్ ప్లేస్ అన్న మాటకు కోర్టులు విశాలమైన అర్థమే చెప్పినా, గేటు వేసి, పేరు నమోదు చేసుకున్నవారినే పంపే సర్క్యూట్ లోపలి తారు పట్టీ అందులోకి వస్తుందా అన్నది తేలికగా తెగే ప్రశ్న కాదు. పైగా అదే చట్టంలో, 2019 సవరణ తరువాత 150వ సెక్షన్‌గా ఉన్న చోట, బీమా కంపెనీ కోర్టులో లేవనెత్తగల అభ్యంతరాల్లో ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ పేర్లు చెప్పి మరీ ఉన్నాయి. అంటే మామూలు రోడ్డు మీద గాయపడినవారికి దొరికే బలమైన రక్షణ ఇక్కడ అంతే బలంగా ఉంటుందని నమ్ముకోకూడదు.

ఇక్కడే చాలామంది గమనించని మెలిక ఒకటుంది. ట్రాక్‌లోకి వెళ్ళే ముందు నష్టం జరిగితే బాధ్యత మాదేనని ఒప్పుకునే ఇండెమ్నిటీ బాండు మీద సంతకం పెట్టిస్తారు. ఉదయం హడావిడిలో, ఒక చేత్తో హెల్మెట్ పట్టుకుని, కారు బానెట్ మీదే కాగితం పెట్టి చదవకుండా సంతకం చేసే కాగితం అదే. గార్డ్ రైలుకు (ట్రాక్ అంచున ఉండే ఇనుప కంచె), టైర్ల గోడకు నష్టం చేస్తే ఖర్చు డ్రైవరే భరించాలన్న షరతు అందులో ఉండవచ్చు. ప్రైవేటు కార్ల పాలసీలోని సాధారణ మినహాయింపుల్లో ‘కాంట్రాక్చువల్ లయబిలిటీ’ అన్నది ఒకటి: ఒప్పందం ద్వారా మీరు నెత్తికెత్తుకున్న బాధ్యతను బీమా కంపెనీ మోయదు. థర్డ్ పార్టీ ఆస్తి నష్టానికి షెడ్యూలులో 7.5 లక్షల పరిమితి కనిపిస్తోంది కదా, గార్డ్ రైలు బిల్లు అందులోంచి పోతుందిలే అనుకుంటే పొరపాటు. కనుక ఆ బాండును ముందు రోజే తెప్పించుకుని, మీటరు గార్డ్ రైలుకు ఎంత వసూలు చేస్తారో అడిగి తెలుసుకోండి.

మూడవది యజమాని-డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమా. 15 లక్షల ఈ రక్షణ కూడా అదే పాలసీలో భాగమై, అవే సాధారణ మినహాయింపులకు లోబడి ఉంటుంది. విడిగా తీసుకున్న పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉంటే దాని మినహాయింపుల జాబితాలో మోటర్ రేసింగ్, ప్రమాదకర క్రీడల ప్రస్తావన ఎలా ఉందో విడిగా చదవాలి.

నాలుగవది కారు పాలసీకి బయటిది, ఆరోగ్య బీమా. ఇక్కడ మాత్రం కొంత ఊరట ఉంది. ఆరోగ్య పాలసీల్లో ఎక్స్‌క్లూజన్ 09 (Excl09) అన్న సంకేతంతో వచ్చే ప్రామాణిక మినహాయింపు మోటర్ రేసింగును పేర్కొంటుంది గాని, ప్రొఫెషనల్‌గా పాల్గొన్నప్పుడు అయిన చికిత్సకే దాన్ని పరిమితం చేస్తుంది. ఉద్యోగం చేసుకుంటూ ఏడాదికి ఒకసారి ట్రాక్ మీదికి వెళ్ళే మనిషి ప్రొఫెషనల్ కాడు. కారు సంగతి ఎలా ఉన్నా ఆసుపత్రి ఖర్చుకు ఆధారం ఉండే అవకాశం బాగానే ఉంది కాబట్టి, మీ పాలసీలో ఆ వాక్యం అదే రూపంలో ఉందో లేదో చూసుకుని వెళ్ళండి.

కంపెనీ కాదంటే మిగిలే దారులు

కారు తయారీ సంస్థలు నిర్వహించే డ్రైవింగ్ అనుభవ కార్యక్రమాల్లో కారు వాళ్ళదే, బీమా ఏర్పాటూ వాళ్ళదే. అయినా సంతకం పెట్టే ముందు ‘కారుకు దెబ్బ తగిలితే నేను గరిష్ఠంగా ఎంత కట్టాలి?’ అని ఒక్క ప్రశ్న అడగాలి. మొదటిసారి ట్రాక్ ఎక్కేవారికి ఇదే నయమని నేను అంటాను. ట్రాక్ దగ్గర శిక్షణ కార్లు అద్దెకిచ్చే చోట కూడా అదే ప్రశ్న అడగండి. ఊళ్ళో సెల్ఫ్ డ్రైవ్ అద్దె కారు తీసుకుని ట్రాక్‌కు వెళ్ళే ఆలోచన మాత్రం మానుకోండి. అద్దె ఒప్పందం, బీమా రెండూ ఒకేసారి చేయి వదిలేస్తాయి.

సొంత కారే తీసుకెళ్ళదలిస్తే లెక్క కాగితం మీద వేసుకోవాలి. ఉదాహరణకు ఐడీవీ 12 లక్షలున్న కారు, బ్యాంకు అప్పు ఇంకా 8 లక్షలు ఉందనుకుందాం. కారు పూర్తిగా పోతే బీమా సొమ్ము రాదు, అప్పు మాత్రం తీరదు. ఆ 8 లక్షల వాయిదాలను లేని కారు కోసం కట్టగలరా అన్నదే మీరు తేల్చుకోవలసింది. కట్టలేనివారు అప్పు తీరిన పాత కారుతో వెళ్ళడమో, శిక్షకుడు పక్కన కూర్చునే తరగతితో సరిపెట్టుకోవడమో మేలు.

ట్రాక్ ఖర్చు ఎందుకు, అర్ధరాత్రి ఔటర్ రింగ్ రోడ్డు ఖాళీగానే ఉంటుంది కదా అనే మహానుభావులకు ఒక్క మాట. బహిరంగ రహదారి మీద రాష్ట్ర ప్రభుత్వ రాతపూర్వక అనుమతి లేకుండా వాహనాల మధ్య పందెంలో గాని, వేగ పరీక్షలో గాని పాల్గొనడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

అమెరికాలో ఉన్నవారికి

ఈ రకం కార్యక్రమాలు అక్కడ మరీ ఎక్కువ. హై పర్ఫార్మెన్స్ డ్రైవర్ ఎడ్యుకేషన్ పేరుతో కార్ల క్లబ్బులు ఆస్టిన్‌లోని సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ వంటి చోట్ల వారాంతాల్లో నడుపుతాయి. టెక్సస్‌లో స్థిరపడిన మనవాళ్ళకు అది పెద్ద దూరం కాదు. అక్కడి పాలసీల్లో రెండు రకాల వాక్యాలుంటాయి. పాత తరహా వాక్యం, రేసింగు కోసం కట్టిన ప్రాంగణంలో వేగపు పోటీలో పాల్గొంటున్నప్పుడు గాని, దానికి సాధన చేస్తున్నప్పుడు గాని జరిగిన నష్టాన్ని మినహాయిస్తుంది. ఇందులో పోటీ కాని శిక్షణకు కొంత చోటు మిగులుతుంది. కొత్త తరహా వాక్యాలు డ్రైవింగ్ నైపుణ్య శిక్షణను కూడా పేరు పెట్టి తోసిపుచ్చుతాయి, లేదా రేసింగుకు వాడే ఉపరితలం మీద ఉన్నంతసేపూ వర్తించదని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. పాలసీ రెన్యూ అయినప్పుడు పాత వాక్యం పోయి కొత్తది చేరవచ్చు. కనుక కిందటి ఏడాది స్నేహితుడికి క్లెయిము వచ్చిందన్న మాట మీకు ఆధారం కాదు. అక్కడ ఉన్న సౌలభ్యం ఏమిటంటే, ఒక్కొక్క కార్యక్రమానికి విడిగా ట్రాక్ బీమా దొరుకుతుంది. అది సాధారణంగా మీ కారు నష్టానికే గాని ఇతరులపట్ల మీ బాధ్యతకు కాదు. డిడక్టిబుల్, అంటే క్లెయిములో మీరే భరించవలసిన మొదటి భాగం, ఎంతో చూసుకుని కొనాలి.

ప్రమాదం జరిగితే

నా మిత్రుడొకడి హ్యాచ్‌బ్యాక్ ఇలాంటి ఒక రోజున మలుపు దాటి కంకరలోకి జారి గార్డ్ రైలును ఒరుసుకుంది. ఎడమవైపు హెడ్‌ల్యాంపు, ఫెండరు, రేడియేటరు, కింది కంట్రోల్ ఆర్మ్ పోయాయి. షెడ్డులో అడ్వైజరు క్లెయిము ఫారం ముందు పెట్టుకుని, ‘ప్రమాద సమయంలో వాహనాన్ని ఏ పనికి వాడుతున్నారు’ అన్న గడి దగ్గర పెన్ను ఆపి, గొంతు తగ్గించి, ‘హైవే మీద కుక్క అడ్డొచ్చిందని రాద్దామా సార్?’ అన్నాడు. మావాడు కాదన్నాడు, క్లెయిము వదులుకున్నాడు. అది నీతి కోసమే కాదు, తెలివైన పని కూడా. చక్రాల గూళ్ళలో ఇరుక్కున్న కంకర, తలుపు మీద స్టిక్కరు తీసిన చోట మిగిలిన జిగురు చతురస్రం, హెడ్‌ల్యాంపు గాజు పగిలినా ఎగరకుండా అడ్డంగా అంటించిన టేపు ముక్కలు, ఫాస్టాగ్‌లో టోల్ దాటిన వేళలు, ఇతరుల ఫోన్లలోని వీడియోలు, ఇన్నీ ఒక కట్టుకథకు వ్యతిరేకంగా నిలబడతాయి. అబద్ధం బయటపడితే వివాదం వాడకం మినహాయింపు గురించి కాక మోసం గురించి అవుతుంది. అప్పుడు మీ పక్షాన వాదించడానికి ఏమీ మిగలదు.

కంపెనీ రాతపూర్వకంగా వర్తిస్తుందని చెప్పి ఉన్నా, లేదా కార్యక్రమం నిజంగా శిక్షణేనని మీకు గట్టి నమ్మకం ఉన్నా, వెంటనే కంపెనీకి తెలియజేసి క్లెయిము వేయండి. సర్వేయరు చూసేదాకా కారు విప్పనివ్వకండి. కంపెనీ అనుమతి లేకుండా ఎవరికీ డబ్బు ఇస్తానని రాసి ఇవ్వకండి; పాలసీ షరతుల్లో ఇదీ ఒకటి. తిరస్కరిస్తే కారణాన్ని, నిబంధన సంఖ్యతో సహా, రాతలో అడగండి. మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది; ఫీజు లేదు, 50 లక్షల వరకు పరిహారం ఇప్పించగలదు. వినియోగదారుల కమిషన్ దారిలో వెళ్ళేవారికి రెండేళ్ళ గడువు ఉంటుంది.

ప్రైవేటు కారును కిరాయికి తిప్పిన సందర్భంలో కూడా క్లెయిమును పూర్తిగా కొట్టేయడం తగదని, నాన్-స్టాండర్డ్ పద్ధతిలో కొంత ఇవ్వవలసిందని 2010లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. వాడకం షరతు ఉల్లంఘనకు 75 శాతం వరకు ఇవ్వవచ్చన్న మార్గదర్శకాన్ని అందులో ఉదహరించింది. దాన్ని మీ ఫిర్యాదులో పేర్కొనవచ్చు, కాని మరీ ఆశ పెట్టుకోవద్దు. కిరాయికి తిప్పడం వల్ల ప్రమాదం జరగలేదని చెప్పగలిగినంత సులువుగా, ట్రాక్ మీది వేగం వల్ల ప్రమాదం జరగలేదని చెప్పలేం.

రాకపోకల సంగతి

ఇంటి నుంచి ట్రాక్ గేటు దాకా, మళ్ళీ గేటు నుంచి ఇంటి దాకా జరిగే ప్రయాణం మామూలు వాడకమే, పాలసీ మామూలుగానే వర్తిస్తుంది. అయితే ట్రాక్ మీద తగిలిన దెబ్బను దారిలో తగిలినదని అంటారేమోనన్న అనుమానం కంపెనీకి రాకుండా జాగ్రత్తపడాలి. గేటు బయటికి రాగానే కారు నాలుగు వైపులా, టైర్లతో సహా, తేదీ, సమయం పడేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. తలుపుల మీది నంబర్లు, ల్యాంపుల మీది టేపు అక్కడే పీకేయండి. వెళ్ళేటప్పుడు తీసి పక్కన పెట్టిన స్టెప్నీని మళ్ళీ డిక్కీలో బిగించి, టైరు ట్రెడ్డు, బ్రేకు ఫ్లూయిడ్ చూసుకున్నాకే హైవే ఎక్కండి. కారును రోడ్డుకు తగిన స్థితిలో ఉంచుకోవలసిన బాధ్యత యజమానిదేనన్న షరతు కూడా పాలసీలో ఉంది. అరిగిపోయిన బ్రేకు ప్యాడ్లతో శ్రీపెరుంబుదూరు దాటి ఎవరికైనా గుద్దితే, ఆ రోజు ట్రాక్ మీద ఏమీ జరగకపోయినా, ప్రశ్నలు మాత్రం అక్కడి నుంచే మొదలవుతాయి.